టెక్ సందేహాలు: వదిలేసిన చీట్ వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం ముగ్గురం హనుమకొండలో ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాం. తెలుగులో కథ నడిచే ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేస్తున్నాం. కథానాయకుడు కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన కుర్రాడు. నయీంనగర్ హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒక ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌కు చీట్ (ఆటలో అడ్డదారిన గెలిపించే ప్రోగ్రాం) తయారుచేసి టెలిగ్రామ్‌లో అమ్ముతాడు. దాన్ని ఎవరో క్రాక్ చేసి, ఆటగాళ్ల ఐడీలు దొంగిలించే కోడ్ కలిపి ఉచితంగా పంచుతారు. వేలమంది నష్టపోతారు. మూడేళ్ల తర్వాత ఈ సంగతి తెలిసి, చేసిన తప్పు దిద్దుకోవాలనుకుంటాడు. ఆఖరి ఘట్టంలో ఒకే రాత్రి గేమ్ కంపెనీ సర్వర్‌లోకి చొరబడి, అందరి ఫోన్లలోనూ తన చీట్ పనిచేయకుండా చేస్తాడు. ఇది నమ్మేలా ఉందా? మరో చిక్కు కూడా ఉంది. సంభాషణలు రాసిన మిత్రుడు అను ఫాంట్లలో టైప్ చేసి ఇచ్చాడు. గేమ్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. నేను మళ్లీ టైప్ చేసినవాటిలో వత్తులు విడిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఆఖరి ఘట్టం మార్చండి. సాంకేతికంగా అది నిలబడదు. అంతకన్నా ముఖ్యం, మీరు శ్రద్ధగా కట్టుకొచ్చిన కథకు అది అన్యాయం చేస్తుంది.

ముందు చీట్ ఎక్కడ పనిచేస్తుందో చూద్దాం. ఆన్‌లైన్ గేమ్‌లో కొంత పని కంపెనీ సర్వర్లో, కొంత పని ఆటగాడి ఫోనులో జరుగుతుంది. గురి, తుపాకి కదలిక, చుట్టూ కనిపించే బొమ్మలు వేలు కదిపిన వెంటనే మారాలి కాబట్టి ఆ లెక్కలన్నీ ఫోనే కడుతుంది. గోడ వెనకున్న ప్రత్యర్థి ఎక్కడున్నాడో కూడా చాలా గేముల్లో సర్వర్ ముందుగానే ఫోనుకు పంపుతుంది. పంపకపోతే అతను మలుపు తిరిగి ఎదుటపడినప్పుడు ఉన్నట్టుండి గాలిలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. ఆటగాడి కంటికి కనిపించకూడని ఈ సమాచారం ఫోను మెమరీలో ఉంటుంది. వాల్‌హ్యాక్ అనే రకం చీట్ దాన్ని చదివి తెర మీద గీస్తుంది. ఎయిమ్‌బాట్ అనే మరో రకం దాన్నే చదివి గురిని అటు తిప్పుతుంది. మీ కాజీపేట కుర్రాడు చేసింది ఇదే అయి ఉంటుంది. ఆ మెమరీలో ఏ చోట ఏముందో కనిపెట్టడానికి చాలా ఓపిక కావాలి. అతను తెలివైనవాడని చూపించడానికి మీకు వేరే సన్నివేశం అక్కర్లేదు.

ఇక ఆ చీట్ ప్రతులన్నీ కొన్నవాళ్ల ఫోన్లలో ఉన్నాయి. కంపెనీ సర్వర్లో లేవు. అక్కడికి చొరబడి మీ హీరో ఆపగలిగేది ఏమీ ఉండదు. డబ్బుకు అమ్మే చీట్లలో తరచూ ఒక తాళం ఉంటుంది. తెరవగానే కీ అడుగుతుంది. అమ్మినవాడి సర్వర్‌తో మాట్లాడి, ఆ కీ చెల్లుతుందంటేనే పనిచేస్తుంది. కాబట్టి తన సర్వర్ ఆపేస్తే తాను అమ్మిన ప్రతులు ఆగిపోతాయి. కానీ క్రాక్ చేయడమంటే ముందుగా ఆ తాళాన్ని పీకేయడమే. ఐడీలు దొంగిలించే ప్రతికి మీ హీరోతో ఏ సంబంధమూ మిగల్లేదు. అది అతని మాట వినదు. అతను గేమ్ కంపెనీకి చేసింది ఇంకొకరు అతనికి చేశారు. ఈ సంగతి అతనికి తెలిసే ఘట్టం మీ కథలో లేకపోతే తప్పక చేర్చండి. తన సర్వర్ ఆపేసి, ఇక అయిపోయిందనుకుని పడుకున్నవాడు పొద్దున్నే టెలిగ్రామ్ తెరిస్తే అదే చీట్, కొత్త పేరుతో, ఇంకా తిరుగుతూ కనిపించాలి.

దీనికి నిజ జీవితంలో పెద్ద ఉదాహరణ ఉంది. 2016లో అమెరికాలో పారస్ ఝా అనే విద్యార్థి, మరో ఇద్దరు యువకులు మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) తయారుచేశారు. అది మొదలైంది మైన్‌క్రాఫ్ట్ అనే గేమ్ సర్వర్ల వ్యాపారంలోని పోటీలో. ఎదుటివాడి సర్వర్‌ను పడగొడితే ఆటగాళ్లు తమవైపు వస్తారన్న లెక్క. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన సీసీ కెమెరాలు, రౌటర్లను అది వశపరచుకుని, వాటన్నిటి చేతా ఒకే సర్వర్ మీద దాడి చేయించేది. ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో దాని సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రాం అసలు రాతను) ఇంటర్నెట్‌లో పడేశారు. అక్టోబరు 21న దాని ఆధారంగా వేరేవాళ్లు చేసిన దాడిలో వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే సంస్థ దెబ్బతిని, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. ఆ తర్వాత ఆ ముగ్గురూ నేరం ఒప్పుకొని, ఇతర సైబర్ నేరాల దర్యాప్తులో ఎఫ్‌బీఐకి సాయం చేశారు. 2018 సెప్టెంబరులో కోర్టు జైలుకు పంపకుండా ఐదేళ్ల ప్రొబేషన్, 2,500 గంటల సమాజ సేవ విధించింది. అక్కడితో అయిపోలేదు. తాను చదివిన రట్గర్స్ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌ను పడగొట్టినందుకు ఝాకు మరో కోర్టు తర్వాతి నెలలోనే ఆరు నెలల గృహ నిర్బంధం, 86 లక్షల డాలర్ల నష్టపరిహారం విధించింది. సాయం చేసినందుకు శిక్ష తగ్గింది. లెక్క మాత్రం చెరిగిపోలేదు. మిరాయ్ కోడ్‌ను మార్చి వాడుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బ్రిటన్‌కు చెందిన కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు మార్కస్ హచిన్స్ సంగతి ఇంకో రకం. 2017 మే నెలలో వన్నాక్రై అనే మాల్‌వేర్ ప్రపంచమంతా ఆసుపత్రులను కూడా వదలకుండా కంప్యూటర్లకు తాళం వేస్తున్నప్పుడు, ఆ ప్రోగ్రాం ఒక చిరునామా కోసం వెతుకుతోందని గమనించి, ఆ డొమైన్‌ను తన పేర నమోదు చేశాడు. దాంతో వ్యాప్తికి అడ్డుకట్ట పడింది. అదే ఏడాది ఆగస్టులో అతన్ని అరెస్టు చేశారు. అంతకు ముందెప్పుడో బ్యాంకు వివరాలు దొంగిలించే క్రోనోస్ మాల్‌వేర్ తయారీలో పాలుపంచుకున్నందుకు. 2019లో నేరం ఒప్పుకున్నాడు. అప్పటికే నిర్బంధంలో గడిపిన కాలాన్నే శిక్షగా లెక్కించి, ఒక ఏడాది పర్యవేక్షణలో ఉండమంది కోర్టు. మీ ఆఖరి ఘట్టం రాసేటప్పుడు వీళ్లను గుర్తుంచుకోండి. వీళ్లలో ఎవరూ మరో చొరబాటుతో బయటపడలేదు.

మీ హీరో చొరబడితే ఏమవుతుంది? మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కింద అనుమతి లేకుండా మరొకరి కంప్యూటర్లోకి దురుద్దేశంతో వెళ్లడం నేరం. మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తన ఉద్దేశం మంచిదని అతను కోర్టులో వాదించుకోవచ్చు. కానీ నేను అడిగేది చట్టం గురించి కాదు. అప్పుడూ ఇప్పుడూ ఒకే పని చేస్తూ ఉంటే ఆ కుర్రాడు మారాడని ఆట ఆడేవాళ్లు ఎలా నమ్మాలి?

అతను నిజంగా చేయగలిగిన పని ఇది. సోర్స్ కోడ్, తాను ఏ మెమరీ చోట్లను చదివాడు, కంపెనీ పెట్టిన తనిఖీని ఎలా దాటాడు, క్రాక్ చేసిన ప్రతి ఏ ఛానెళ్లలో దొరుకుతోంది, అది దొంగిలించిన లాగిన్ వివరాలను ఏ చిరునామాకు పంపుతోంది, ఇవన్నీ వరుసగా రాసి కంపెనీ భద్రతా బృందానికి పంపాలి. మన దేశంలో ఇలాంటి లోపాల సమాచారం ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా తీసుకుంటుంది. పంపేముందు ఒక న్యాయవాదిని కలవాలి, ఎందుకంటే అతను రాసేది తన నేరం గురించే. ఫీజు కట్టే స్తోమత లేని, అర్హత ఉన్నవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. కాజీపేట నుంచి హనుమకొండ కోర్టుకు సిటీ బస్సులో వెళ్లే సన్నివేశం ఒకటి రాయండి. అర్ధరాత్రి కీబోర్డు సన్నివేశం కన్నా దానికే ఎక్కువ ధైర్యం కావాలి.

పంపిన తర్వాత ఏమీ జరగదు. ఇది మీ కథకు నేనివ్వగల మంచి మలుపు అనుకుంటున్నాను. చీట్ దొరికిన మరుక్షణమే కంపెనీలు చాలాసార్లు అందరినీ బ్యాన్ చేయవు. అలా చేస్తే తయారీదారుకు తన కోడ్‌లో ఏది పట్టుబడిందో వెంటనే తెలిసిపోతుంది. అందుకే ఎవరెవరు వాడుతున్నారో నిశ్శబ్దంగా నమోదు చేసుకుని, కొన్ని వారాలకు ఒకేసారి వేటు వేస్తాయి. ఆ వారాలన్నీ మీ హీరో జవాబు లేని మెయిల్ చూసుకుంటూ గడపాలి. ఆ తర్వాత ఒకరోజు తన పాత కొనుగోలుదారుల ఐడీలన్నీ ఒకేసారి పోతాయి. వాళ్లలో హాస్టల్ స్నేహితులు కూడా ఉంటారు. ఎవరు చెప్పారో వాళ్లు ఊహిస్తారు.

డబ్బు సంగతి మీ కథలో లేదు. ఉండాలి. యూపీఐలో వచ్చిన ప్రతి రూపాయికీ అతని బ్యాంకు స్టేట్‌మెంట్‌లో లెక్క ఉంటుంది. దాన్ని ఎవరికివ్వాలి? చీట్ కొన్నవాళ్లు బాధితులు కారు. ఉచిత ప్రతిని దించుకుని ఐడీ పోగొట్టుకున్న ములుగు పిల్లవాడు ఒకడు ఉన్నాడనుకోండి, అతను చీట్ వాడినవాడే, బాధితుడూ అతనే. చీట్ జోలికే పోకుండా, ప్రతి మ్యాచ్‌లోనూ ఓడిపోయి, తనకు ఆట రాదనుకుని మానేసిన అమ్మాయి ఇంకొకరు. ఆమెకు ఏమివ్వగలడు? వీళ్ల ఉత్తరాలను ఆటగాడి చేత చదివించండి. కంపెనీకి పంపే నివేదికను ఆటగాడే ఒక్కొక్క ఆధారమూ పోగుచేసి రాయాలి. అందులో ఏది దాచాలి, ఏది చెప్పాలి అన్న ఎంపిక కూడా అతనిదే కావాలి. మీ గేమ్‌లో అసలైన ఆట అక్కడే ఉంది.

అతనికి భవిష్యత్తు ఉండాలని మీకు అనిపిస్తే, దానికీ దారి ఉంది. 2021లో ఒక ప్రోగ్రామర్ జీటీఏ ఆన్‌లైన్ అనే గేమ్ తెరుచుకోవడానికి నిమిషాల తరబడి ఎందుకు పడుతోందో తనంతట తానే విప్పి చూశాడు. సుమారు 63,000 వస్తువుల జాబితా ఉన్న 10 ఎంబీ పాఠాన్ని చదివేటప్పుడు, ఒక్కో ముక్కకూ ఆ పాఠం పొడవును గేమ్ మళ్లీ మళ్లీ కొలుస్తోంది. సరిచేసి చూపిస్తే సమయం దాదాపు 70 శాతం తగ్గింది. తయారీ సంస్థ రాక్‌స్టార్ ఆ సవరణను తీసుకుని 10,000 డాలర్ల బహుమతి ఇచ్చింది. అతను వాడిన నైపుణ్యం చీట్ తయారీలో వాడేదే: సోర్స్ కోడ్ లేని ప్రోగ్రాంను విప్పి చదవడం. చాలా గేమ్ కంపెనీలు లోపాలు చెప్పినవారికి బహుమతులిచ్చే పథకాలు నడుపుతున్నాయి. మడికొండ ఐటీ పార్కులో అతనికి ఉద్యోగం వచ్చినట్టు మాత్రం చూపించకండి. అంత త్వరగా ఎవరూ నమ్మరు.

ఇక అక్షరాల విషయం. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రపంచ ప్రమాణం) కావు. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. అందుకే ఆ ఫాంట్ లేనిచోట పిచ్చి గుర్తులు వస్తాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి గానీ, మార్చాక ప్రతి వాక్యాన్నీ చదివి సరిచూసుకోండి. వత్తులు విడిపోవడానికి కారణం వేరు. తెలుగు అక్షరాలను పక్కపక్కన పేర్చితే సరిపోదు, వత్తులనూ గుణింతాలనూ ఒకదానితో ఒకటి కలిపి అమర్చాలి. గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ యూనిటీలో పాఠాన్ని చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో ఆ పని సరిగా చేయదు. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ గోడో 3 కూడా చేయలేదు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4 చేస్తుంది, ఎందుకంటే అందులో హార్ఫ్‌బజ్ అనే అక్షరాల అమరిక సాఫ్ట్‌వేర్ ఉంది. గోడో ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది. చదివే పాఠానికి నోటో సాన్స్ తెలుగు లేదా మండలి, శీర్షికలకు రామభద్ర వాడండి. ఫాంట్ ఫైలును గేమ్‌తోపాటే చేర్చండి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి అన్న మూడు మాటలు సరిగా వచ్చాయంటే చాలావరకు గట్టెక్కినట్టే.

చీట్ రాసే సన్నివేశంలో నిజమైన గేమ్ పేరు, నిజంగా పనిచేసే కోడ్ పెట్టకండి. మీ కథలో జరిగింది మీ కోడ్‌కు జరగకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. గేమ్‌లో వాడే డైమండ్లు ఉచితంగా వస్తాయని ఎవరో పంపిన మోడ్ ఏపీకే (మార్చిన యాప్ ఫైలు) నా ఫోనులో వేశాడు. అది యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే ఇచ్చేశాడు. అందులోనే నా యూపీఐ ఉంది. భయంగా ఉంది.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపండి. యాక్సెసిబిలిటీ అనుమతి ఉన్న యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి దాన్ని ఆపండి. డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితాలో ఉంటే అక్కడా తీసేయండి. ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే అది ఒప్పుకోకపోవచ్చు. అప్పటికీ పోకపోతే, లేదా అనుమానం మిగిలితే, ఫొటోలు, కాంటాక్టులు మాత్రమే దాచుకుని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

గూగుల్ పాస్‌వర్డ్, బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోను నుంచి మార్చండి, పాత లాగిన్లన్నీ మూసేయండి. యూపీఐ పిన్ ఫోను శుభ్రమయ్యాక మార్చండి. ఈలోగా బ్యాంకుకు ఫోన్ చేసి విషయం చెప్పండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అబ్బాయిని తిట్టకుండా, ఆ ఫైలు ఎవరు పంపారో, ఏ గ్రూపులో వచ్చిందో అడిగి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. తిడితే గ్రూపును తొలగించేస్తాడు, ఫిర్యాదుకు ఆధారం పోతుంది.

ప్రశ్న: నేనెప్పుడూ చీట్ వాడలేదు. సెకండ్ హ్యాండ్ ఫోను కొని నా ఐడీతో లాగిన్ కాగానే బ్యాన్ అయింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: కొన్ని గేములు ఐడీతోపాటు ఫోనును కూడా గుర్తుపెట్టుకుని నిషేధిస్తాయి. మీకు అమ్మినవారు చీట్ వాడి ఉండవచ్చు. ఫ్యాక్టరీ రీసెట్‌తో ఆ గుర్తు అన్నిసార్లూ పోదు. గేమ్‌లోని సపోర్ట్ విభాగానికి ఫోను కొన్న బిల్లు, తేదీ, మీ ఐడీ ఇంతకుముందు ఏ ఫోనులో నడిచిందో రాసి అప్పీల్ చేయండి. జవాబు వచ్చేదాకా ఆ ఫోనులో ఇంకో ఐడీతో లాగిన్ కావద్దు, అదీ పోవచ్చు.