రొయ్య పెంకుతో టమాటాకి పూత

ప్రశ్న: బరంపురంలో మాది కూరగాయల కొట్టండి. నాలుగో రోజుకే టమాటాలు ముడతలు పడుతున్నాయి, గంప అడుగున కుళ్ళుతున్నాయి. రొయ్య పెంకుల పూత పూస్తే నిలవుంటాయని మా అబ్బాయి అంటున్నాడు. గోపాల్‌పూర్ వైపు పెంకులు ఊరికే దొరుకుతాయి. ఉడకబెట్టి ఆ నీళ్ళు చల్లితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, గంజాం జిల్లా

జవాబు: సరిపోదమ్మా. నీచు వాసన, ఈగలు తప్ప ఏమీ మిగలదు. కానీ మీ అబ్బాయి మాట నిజమే. పెంకులో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. ఆమ్లంతో సున్నాన్నీ, క్షారంతో మాంసకృత్తుల్నీ తీసేసి, ఘాటైన కాస్టిక్ సోడాలో వేడిచేస్తే అది కైటోసాన్ అవుతుంది. పూతకి పనికొచ్చేది అదే. 1859లోనే రూజే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ మార్పు గమనించాడు. కాస్టిక్ చర్మాన్ని తినేస్తుంది తల్లీ, పిల్లాణ్ణి ఇంట్లో చెయ్యనివ్వకండి.

తినే సరుకుకి పనికొచ్చే రకం కైటోసాన్ పొడే కొనండి. ఉత్త నీళ్ళలో కరగదు, కాస్త వెనిగర్ కలిపితే కరుగుతుంది. లీటరుకి 10 గ్రాములు. కడిగి ఆరబెట్టిన కాయల్ని ముంచి, ఫ్యాను కింద ఆరనివ్వండి.

ఒక టమాటా చేతిలోకి తీసుకుని తొడిమ ఊడిన మచ్చ చూడండి. లోపలి తడి ఎక్కువగా పోయేది అక్కణ్ణించే. పూత అక్కడ బాగా పట్టాలి. తడి నిలుస్తుంది, పండడం నెమ్మదిస్తుంది, బూజూ తగ్గుతుంది. చితికిన కాయని మాత్రం ముంచకండి, దండగ.

కొనేవాళ్ళకి అడక్కపోయినా చెప్పండి. రొయ్యలు పడనివాళ్ళుంటారు. కార్తికంలో నీచు ముట్టని ఇళ్ళు మీ ఊళ్ళో ఎన్నో.