స్పోర్ట్స్ కారులో ఏసీ ఉంటే తప్పా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఖమ్మం, పదకొండేళ్లుగా ఆస్టిన్‌లో ఉంటున్నాం. అబ్బాయి కాలేజీకి వెళ్లిపోయాడు. ఇన్నాళ్లకు నాకోసం ఒక రెండు సీట్ల కారు కొనుక్కుందామనుకుంటున్నాను. మాజ్దా మియాటా మీద మనసు పడింది. మూడు బేరాలున్నాయి. ఒకటి 1990 మోడల్, ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. రెండోది 2019 మోడల్లో క్లబ్ అనే రకం, మామూలు గుడ్డ సీట్లతో. మూడోది అదే 2019లో గ్రాండ్ టూరింగ్ అనే రకం, నల్ల తోలు సీట్లతో. మూడూ మాన్యువల్ గేర్లే, మూడింటికీ మడిచే గుడ్డ టాపే. ఆదివారాలు కలిసే స్నేహితులు "నిజమైన స్పోర్ట్స్ కారంటే పాతదే, ఏసీలూ గీసీలూ కావాలంటే సెడాన్ కొనుక్కో" అంటున్నారు. మా ఆవిడేమో "ఏసీ లేని కారు ఎక్కనంటే ఎక్కను" అని తేల్చేసింది. సుఖం చూసుకుంటే స్పోర్ట్స్ కారు కొన్న ప్రయోజనం పోయినట్టేనా?
– కె.ఎస్., ఆస్టిన్, టెక్సస్

జవాబు: కె.ఎస్. గారూ, మీరు మొదట రాసిన కారులాంటిదే నా దగ్గర ఆరేళ్లు ఉంది. తెల్లది, 1990 మోడల్, ఇనుప చక్రాలు, చేత్తో తిప్పే అద్దాలు. హ్యూస్టన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, 1997లో కొన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న షెడ్డులో పెరిగినవాణ్ణి నేను. బండిలో లేని వస్తువు పాడవదు అనేవారు ఆయన. అందుకే ఏమీ లేని కారు దొరికిందని సంబరపడ్డాను.

ముందు దాని స్టీరింగ్ గురించి చెప్పాలి. పార్కింగ్‌లో తిప్పాలంటే భుజాలు పీకేవి. బండి కదిలి ముప్పై మైళ్ల వేగం అందుకున్నాక మాత్రం అది వేరే కారు. రోడ్డు మీద తారు అతుకు వేసిన చోటు దాటితే వేళ్లకు తెలిసేది. వానలో మలుపు తిరుగుతుంటే, కారు జారడానికి ఇంకా సమయం ఉండగానే, చక్రం చేతిలో తేలికపడేది. దానికి కారణం ఉంది. తిప్పిన ముందు టైరు తనంతట తాను తిన్నగా కావాలని చూస్తుంటుంది. పట్టు పూర్తిగా పోకముందే ఆ బలం తగ్గడం మొదలవుతుంది. మధ్యలో పవర్ స్టీరింగ్ హైడ్రాలిక్ సాయం లేకపోతే ఆ తగ్గుదల ఉన్నదున్నట్టు చేతికి చేరుతుంది. మీ స్నేహితులు చెప్పేది ఈ సంగతే అయితే వాళ్ల మాటలో నిజముంది. నేనూ ఒప్పుకుంటాను.

ఇక ఎండ. ఆగస్టులో ఒక శనివారం మా ఆవిడను గాల్వెస్టన్ బీచికి తీసుకెళ్లాను. యాభై మైళ్లు. మెడకు తడి తువ్వాళ్లు చుట్టుకుని బయల్దేరాం. టాపు తీస్తే నెత్తిన ఎండ, వేస్తే లోపల ఆవిరి. సగం దారిలో వాన పట్టుకుంది. ఆ మోడల్ టాపుకు వెనక ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది. టాపు మడిచేముందు దాని జిప్పు తీసి కిటికీని వెనక్కి పరిచిపెట్టాలి, లేకపోతే మడత పడి పగుళ్లిస్తుంది. మళ్లీ టాపు వేశాక ఆ జిప్పు చుట్టూ లాగాలి. రోడ్డు పక్కన ఆపి, ఆమె ఒక కొస పట్టుకుంటే నేను రెండో కొస నుంచి జిప్పు లాగుతూ ఇద్దరం తడిసి ముద్దయ్యాం. తర్వాత అద్దాలు మూసిన కారులో తడి బట్టలతో ఇంకో అరగంట. బీచికి చేరేసరికి ఆమె ముఖం ఎర్రగా కందిపోయింది. ఒక్క మాట అనలేదు. అంతే, తర్వాత రెండేళ్లు ఏ వేసవిలోనూ ఆ కారెక్కలేదు. నేను కూడా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆఫీసుకు పాత సెడాన్‌లోనే వెళ్లేవాణ్ణి. అంత ఇష్టపడి కొన్న కారు ఏడాదిలో నాలుగు నెలలు గరాజులో దుప్పటి కప్పుకుని పడుండేది.

ఆ రోజుల్లోనే ఇంకో పని చేశాను. బరువు తగ్గుతుందని ఒక వర్క్‌షాపులో కార్పెట్టూ దాని కింది మందపాటి మెత్తా తీయించాను. ఇంటికొచ్చి బాత్రూమ్ కాటా మీద పెడితే పది కిలోలు కూడా లేవు. గేర్‌బాక్స్ మీది రేకు వేడి మాత్రం నేరుగా నా కుడి పిక్కకు తగలడం మొదలైంది. మూడు వారాలు ఓర్చుకుని మళ్లీ వేయించాను. అప్పటికి వాళ్లు క్లిప్పులు సగం పోగొట్టారు.

మూడో వేసవికి తుక్కు యార్డులో అదే మోడల్ ఏసీ సామాను దొరికింది. కంప్రెసర్, కండెన్సర్, గొట్టాలు, లోపలి కాయిల్. రెండు వారాంతాలు కూర్చుని బిగించాను. ఇంజన్ 1.6 లీటర్లు, 116 హార్స్‌పవర్. ఏసీ వేస్తే పికప్ తగ్గేది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు స్విచ్ కట్టేసేవాణ్ణి. కానీ స్టీరింగ్‌లో వీసమెత్తు తేడా రాలేదు. క్లచ్, బ్రేకు, గేరు లివరు అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి. ఆ వేసవిలో మళ్లీ గాల్వెస్టన్ వెళ్లాం, ఈసారి పొద్దుపోయేదాకా ఉండి వచ్చాం.

అప్పటి నుంచీ నేను సుఖాలన్నిటినీ ఒకే మూటగా కట్టి తూచడం మానేశాను. ఒక్కోదాన్నీ విడిగా చూస్తాను. ఇది రోడ్డుకూ నా చేతికీ మధ్య అడ్డం వస్తోందా, లేక ఎండకూ నాకూ మధ్య అడ్డం ఉంటోందా? మొదటి రకమైతే నాకొద్దు. రెండో రకమైతే కొంత బరువు పెరిగినా ఉంచుకుంటాను.

బరువు విషయంలో మహా పట్టుదల ఉన్నవాళ్లు కూడా ఇలాగే విడదీశారు. 1992లో ఇంగ్లండ్‌లో కార్ల డిజైనర్ గోర్డన్ ముర్రే రూపొందించిన మెక్‌లారెన్ ఎఫ్1 అనే స్పోర్ట్స్ కారు చూడండి. బరువు 1,138 కిలోలు. పవర్ స్టీరింగ్ లేదు, బ్రేకు తొక్కడం తేలిక చేసే సర్వో సాయం లేదు, ఏబీఎస్ లేదు. ఏసీ మాత్రం ఉంది. పెట్టెలు పెట్టుకోవడానికి కారు రెండు పక్కలా అరలున్నాయి. కెన్‌వుడ్ కంపెనీ చేత ప్రత్యేకంగా తేలికైన సీడీ ప్లేయరు కూడా చేయించి పెట్టారు. చేతికీ కాలికీ ఏదీ అడ్డం రానివ్వని మనిషి, చల్లగాలికీ పాటలకూ మాత్రం చోటిచ్చాడు.

అంతకు ఇరవై ఏళ్ల ముందు జర్మనీలో పోర్షే 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 వచ్చినప్పుడు కొనేవాళ్లకు ఈ ప్రశ్నే ఎదురైంది. ఇంజన్ ఒకటే, 210 హార్స్‌పవర్. స్పోర్ట్ రకం దాదాపు 960 కిలోలు. వెనక సీట్లు, గడియారం, చేయి ఆన్చుకునే దిమ్మ కూడా తీసేశారు, తలుపు లాక్కోవడానికి ఒక పట్టీ పెట్టారు. టూరింగ్ రకంలో ఇవన్నీ ఉంటాయి, బరువు 1,075 కిలోలు. మొత్తం 1,580 కార్లు తయారైతే అందులో 1,308 టూరింగ్, 200 స్పోర్ట్. రేసుల అర్హత కోసం పుట్టిన కారును కొన్నవాళ్లలో కూడా ఎక్కువమంది సీట్లూ గడియారమూ ఉన్నదే తీసుకున్నారు. ఇవాళ వేలంలో ఆ 200లో ఒకటి వస్తే ఎక్కువ ధర పలుకుతుంది. మీరు వేలానికి కొనడం లేదు, నడపడానికి కొంటున్నారు.

ఇప్పుడు మీ 2019 కార్ల సంగతి. ఏసీ, ఎయిర్‌బ్యాగులు, స్క్రీనూ అన్నీ పెట్టాక కూడా వీటి బరువు దాదాపు 1,060 కిలోలే. 1990 నాటి ఏమీ లేని కారు 960 చిల్లర. ముప్పై ఏళ్లలో పెరిగింది వంద కిలోలు. దీని వెనక పెద్ద కృషి ఉంది. సీటులో స్ప్రింగుల బదులు వల బిగించారు, దాంతో బరువూ తగ్గింది, నడుముకూ హాయి. టాపుకు మోటారు లేదు. సిగ్నల్ దగ్గర సీట్లో కూర్చునే, ఒక గొళ్లెం తీసి ఒంటి చేత్తో వెనక్కి వేసేయొచ్చు. సుఖమూ సరళతా ఒకే పనిలో కలిసి వచ్చాయి, నాకు ఈ కారులో అన్నిటికంటే నచ్చింది అదే. ఏసీకి మూడు గుండ్రటి నాబ్‌లున్నాయి. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చేత్తో తడిమి తిప్పుకోవచ్చు.

స్టీరింగ్‌కు కరెంటు సాయం ఉంది, అది లేని రకం దొరకదు. పాత కారంత స్పష్టంగా మాట్లాడదు, ఆ మాట దాచను. అయినా 181 హార్స్‌పవర్‌తో 7,500 ఆర్‌పీఎం దాకా పరుగెత్తే ఇంజను, మణికట్టు కదిలితే పడే గేర్లు, వెనక చక్రాల తోపు, ఇవన్నీ ఏ అడ్డమూ లేకుండా మీకు అందుతాయి.

క్లబ్, గ్రాండ్ టూరింగ్‌ల మధ్య నేనైతే క్లబ్ అంటాను. మాన్యువల్ క్లబ్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపులో లోపలి చక్రం ఉత్తినే తిరిగిపోకుండా బలాన్ని రెండో చక్రానికి పంపుతుంది. బిల్‌స్టీన్ కంపెనీ షాకబ్జార్బర్లు కూడా ఉంటాయి. గ్రాండ్ టూరింగ్‌లో ఇవి అదనపు ప్యాకేజీతోనే వస్తాయి, కాగితాల్లో చూసుకోండి. ఇక తోలు సీట్లు. ఆస్టిన్ ఎండలో టాపు తీసి గంటసేపు ఆపిన కారులో నల్ల తోలు మీద కూర్చుంటే తొడలు కాలతాయి. ఖరీదైన సుఖం ప్రతి ఊళ్లోనూ సుఖం కాదు. గుడ్డ సీట్లు మీకు మేలు.

ఒక్క జాగ్రత్త. క్లబ్ షాకబ్జార్బర్లు కొంచెం బిగువు. అమ్మేవాళ్లు చూపించే నున్నటి రోడ్డు మీద కాకుండా మీ ఇంటి చుట్టూ ఉన్న గతుకుల్లో అరగంట నడపండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి, టాపు తీసి కొంతసేపు, వేసి కొంతసేపు. పక్క సీట్లో మీ ఆవిడను కూర్చోబెట్టుకోండి. నడుము గురించి ఆమె చెప్పే మాట మీ స్నేహితుల మాట కంటే నమ్మదగ్గది.

ప్రశ్న: సార్, నా దగ్గర పదేళ్ల నాటి మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. వెనక సీటు, స్పేర్ టైరు, తలుపుల్లోని మెత్తలు తీసేసి తేలిక చేస్తే స్పోర్ట్స్ కారులా తిరుగుతుందా?
– ఆర్., కూకట్‌పల్లి

జవాబు: వద్దు తమ్ముడూ. వెనక సీటు తీస్తే ఆర్సీలో రాసిన సీట్ల లెక్కకు బండి తేడా అవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది అనుమతి లేని మార్పు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు వస్తుంది. దానికి మించిన సంగతి ఇంకొకటి. మీ బండిలో ఇంజనూ, నడిపే చక్రాలూ ముందే ఉన్నాయి. వెనక తేలికైతే తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు వెనక చక్రాల పట్టు ఇంకా తగ్గుతుంది. ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వేయించి, అలైన్‌మెంట్ చేయించండి. బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. డిక్కీలో ఏళ్లుగా మోస్తున్న సామాను ఇంట్లో దించేయండి. స్పేర్ టైరు మాత్రం ఉంచండి, అందులో గాలి ఉందో లేదో ఈ ఆదివారం ఒకసారి చూడండి.