వీడ్కోలు సభ నాడు ఆగిపోయిన మాటలు

ప్రశ్న: నాకు 15 ఏళ్ళు. మాది గోదావరి ఒడ్డున ఒక పల్లె. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పూర్తిచేశాను. ఆరో తరగతి నుంచి నేనూ నా స్నేహితురాలూ ఒకే బల్ల మీద కూర్చున్నాం, ఒకే సైకిల్ మీద బడికి వెళ్ళాం. ఆమెకు 574 మార్కులు, నాకు 511 వచ్చాయి. ఆమె నూజివీడు ట్రిపుల్ ఐటీకి వెళ్తుంది. నన్ను విజయవాడలో హాస్టలు ఉన్న కాలేజీలో ఎంపీసీలో చేర్పిస్తున్నారు. ఫిబ్రవరిలో వీడ్కోలు సభ జరిగిన రోజున ఆమె నా ఆటోగ్రాఫు పుస్తకంలో పేజీ పైభాగాన ‘శుభాకాంక్షలతో’ అని రాసి, సంతకం పెట్టి ఇచ్చేసింది. మిగతావాళ్ళకు మాత్రం పేజీలు నింపింది. నాకు కోపం వచ్చి ఫొటోకు కూడా నిలబడలేదు. అప్పటి నుంచి మాటలు లేవు. రోజూ ఏడుపు వస్తోంది. ‘అత్తారింటికి పోతున్నదానిలా ఏమిటా ఏడుపు’ అంటుంది అమ్మ. నాన్నను బతిమాలి నేనూ నూజివీడులోనే ఏదో ఒక కాలేజీలో చేరితే ఎలా ఉంటుంది? బడి నుంచి టీసీలు తెచ్చుకోవలసిన రోజులు కూడా వచ్చేశాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి మాట సంగతి చూద్దాం. ఆవిడ విసుగులో అన్నా, అందులో ఒక నిజముంది. అత్తారింటికి వెళ్ళే పిల్ల ఏడవడానికి మనకొక వేళ ఉంది, అప్పగింతలని దానికొక పేరుంది, పక్కన నిలబడి కళ్ళు తుడిచేవాళ్ళున్నారు. అయిదేళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్న పిల్లలు విడిపోతుంటే అలాంటిదేమీ లేదు. ఉన్నదల్లా వీడ్కోలు సభ. వేదిక, మైకు, ప్రధానోపాధ్యాయుల ప్రసంగం, తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని తెప్పించిన సమోసాలు. అదైనా పరీక్షలకు ముందే పెట్టేస్తారు. ఒక పక్క లెక్కల పేపరు దడ, ఒక పక్క ఫొటోల తోపులాట. ఆ సందడిలో ఎవరు మాత్రం ఎవరికి సరిగ్గా వీడ్కోలు చెప్పుకోగలరు? మీ ఇద్దరికీ ఆ పని ఇంకా మిగిలే ఉంది.

ఇక ఆ పేజీ. వేరేవాళ్ళకు అంతంత రాసి నీకు ఒక్క మాటతో సరిపెట్టడం నిర్లక్ష్యమే కావచ్చు, కాదనను. కానీ నాకు మరొకటి తోస్తోంది. అంతగా చనువు లేనివాళ్ళకు రాయడం తేలిక. ‘నీ నవ్వు మరచిపోలేను’, ‘పెద్ద ఉద్యోగం వచ్చాక నన్ను గుర్తుపెట్టుకో’ అని ఎన్ని వాక్యాలైనా వస్తాయి. రోజూ నీ వెనక సైకిల్ మీద కూర్చున్న పిల్ల, అదీ పది మంది తొంగిచూస్తుండగా, నీకేమని రాస్తుంది? ఇదే జరిగిందని నేను ప్రమాణం చేయలేను. అలాగే, ఆమె నిన్ను చులకన చేసిందని నువ్వూ ప్రమాణం చేయలేవు. అడిగితే తప్ప తెలియదు.

కొంచెం చేదు మాట కూడా చెప్పాలి. నీ ఉత్తరాన్ని ఇక్కడ బాగా కుదించాను. పూర్తి ఉత్తరంలో ఆమె మార్కులు మూడుచోట్ల ఉన్నాయి, ఆ పేజీ ప్రస్తావన ఒక్కచోటే ఉంది. ఫిబ్రవరిలో వచ్చిన కోపం పరీక్షలయ్యాక చల్లారాల్సింది. ఫలితాలు వచ్చాక ఇంకా ముదిరిందని నువ్వే రాశావు. ఆ 63 మార్కుల తేడా ఎక్కడో గుచ్చుకుంటోంది. అసూయ పుట్టడం నేరం కాదమ్మా. 15 ఏళ్ళ వయసులోనే కాదు, నా వయసులో కూడా పుడుతుంది. కాకపోతే దాని పేరుతో దాన్ని పిలవాలి. ‘ఆమె నన్ను పట్టించుకోలేదు’ అనుకుంటే కోపం వస్తుంది, కోపంలో కాస్త బలం ఉంటుంది. ‘ఆమె వెళ్ళిపోతోంది, నేను వెనకబడ్డాను’ అనుకుంటే దిగులు వస్తుంది. అందుకే మనసు కోపాన్నే ఎంచుకుంటుంది. ఊరు విడిచేముందు ఇంట్లోవాళ్ళతో చిన్నదానికి తగవు పెట్టుకునే పెద్దవాళ్ళను కూడా చూశాను. తగవు పడినవాళ్ళను వదిలిపోవడం సులువు కదా.

నూజివీడు ఆలోచన మానుకో. స్నేహం కోసం కాలేజీ మారడం తప్పని పాఠం చెప్పబోవడం లేదు, నువ్వు అనుకున్నది అసలు జరగదు కాబట్టి చెబుతున్నాను. ట్రిపుల్ ఐటీలో రెండేళ్ళు ఇంటర్‌తో సమానమైన పీయూసీ, ఆ పైన నాలుగేళ్ళు ఇంజనీరింగు, మొత్తం ఆరేళ్ళు పిల్లలు ప్రాంగణంలోనే ఉండి చదువుకుంటారు. అనుమతి లేనిదే బయటికి రావడం కుదరదు. ఒకే ఊళ్ళో ఉండి, గేటుకు ఇవతల నువ్వు, అవతల ఆమె. అంతకన్నా విజయవాడే నయం. ఎంపీసీ నీకు ఇష్టమో కాదో మాత్రం ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఇష్టం లేకపోతే నాన్నగారిని బతిమాలవలసింది ఆ విషయం గురించి, ఇప్పుడే.

హాస్టల్లో మొదటి నెల బాగుండదు, ముందే చెప్పేస్తున్నాను. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు స్నేహం కుదరడానికి ఎంత కాలం పడుతుందో లెక్క తీశాడు. పరిచయస్థులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, ప్రాణస్నేహితులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని తేలింది. నీ లెక్క వేద్దాం. ఏడాదికి 200 బడి రోజులు, రోజుకు ఆరు గంటలు అనుకున్నా, అయిదేళ్ళకు 6,000 గంటలు. అలాంటి స్నేహం పక్కన, నిన్న పరిచయమైన గది నేస్తం పరాయిదానిలా కనిపించక మానదు. ‘నాకు ఇక్కడ ఎవరూ లేరు’ అని మొదటి ఆదివారమే నిర్ణయించేయకు. ఆ అమ్మాయితో నీకు ఇంకా 50 గంటలైనా పూర్తికాలేదు.

ఇప్పుడు చేయవలసిన పని. టీసీ, మార్కుల మెమో, స్టడీ సర్టిఫికెట్ల కోసం మీరిద్దరూ ఎలాగూ బడికి వెళ్ళాలి. విడివిడిగా వెళ్ళవద్దు. ముందు రోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళు. వాట్సాప్‌లో సందేశం పెట్టవద్దు, అది రెండు నీలం గీతల కోసం ఎదురుచూపులతోనే సరిపోతుంది. ‘రేపు టీసీకి వెళ్తున్నాను, వస్తావా?’ అని అడుగు, అంతే. గుమాస్తాగారు రిజిస్టరు వెతికేలోపు మీకు కావలసినంత సమయం దొరుకుతుంది. ఖాళీ తరగతి గదిలోకి వెళ్ళి ఆ బల్ల మీద కూర్చోండి. ‘నువ్వు అంత తక్కువ రాస్తే ఏడుపొచ్చింది. నీకు సీటు వచ్చినందుకు సంతోషమూ ఉంది, కుళ్ళూ ఉంది’ అని చెప్పు. ఇంతకన్నా పెద్ద ప్రసంగం అక్కర్లేదు. నాలుగు పేజీల క్షమాపణ లేఖ అసలే వద్దు. ఆమె ముఖం తిప్పుకుంటే, చెప్పినందుకు తృప్తిపడి ఇంటికి రా. ఆ బాధ ఉంటుంది, అయినా ఇప్పటి అనుమానం కన్నా తేలిక.

మాట కలిస్తే, రోజూ మాట్లాడుకుంటామని ఒట్లు పెట్టుకోకండి. హాస్టళ్ళలో చాలాచోట్ల ఫోను ఉండనివ్వరు, ఆ ఒట్టు మొదటి వారంలోనే తప్పుతుంది, మళ్ళీ అలకలు. దసరాకో సంక్రాంతికో ఊళ్ళో ఏ రోజు కలుస్తారో ఇప్పుడే అనుకోండి. మధ్యలో ఉత్తరాలు రాసుకోండి. నవ్వకు, హాస్టల్లో పేరు పిలిచి కవరు చేతికిచ్చినప్పుడు ఆ ఆనందం వేరు. నా పదో తరగతి నేస్తం అలా రెండేళ్ళు రాసింది, తర్వాత ఆగిపోయింది. పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో మళ్ళీ కనబడ్డప్పుడు, ముందు ఎవరు రాయడం మానేశారని అరగంట పోట్లాడుకున్నాం. ఇద్దరికీ గుర్తులేదు.

ఈ ఉత్తరం మీ అమ్మగారికి చూపించు. అమ్మా, మీకొక మాట: పిల్లను ఏడవనివ్వండి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా మాత్రం, ఇంట్లో ఉన్నా హాస్టల్లో ఉన్నా, ఆలస్యం చేయకండి. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

టీసీకి వెళ్ళేటప్పుడు ఆటోగ్రాఫు పుస్తకం, ఒక పెన్నూ సంచిలో పెట్టుకో తల్లీ. ఆ పేజీలో పైన ఒక్క మాటే ఉందన్నావు కదా, కిందంతా ఇంకా ఖాళీయే.