ఈ వారం ఎవరి జయంతి? సెప్టెంబరు 15–21

ప్రశ్న: బడిలో ప్రార్థన వేళ బోర్డు మీద 'ఈనాటి విశేషం' రాయిస్తాం. సెప్టెంబరు మూడో వారంలో ఏమేం రాయొచ్చు?
– తెలుగు టీచర్, తుని

జవాబు: ఇంత నిండైన వారం ఏడాదిలో అరుదు. 15న మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి, ఇంజనీర్ల దినోత్సవం. ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో, ఇంటిపేరు మాత్రం మన కంభం దగ్గరి మోక్షగుండానిది. ఏడాది 1861 అని రాయండి. కొన్ని పుస్తకాల్లో 1860 అని ఉంటుంది. శతజయంతి తపాలా బిళ్ల కూడా 1960 సెప్టెంబరు 15నే వచ్చింది. అప్పటికి ఆయన బతికే ఉన్నారు! పిల్లలకు ఆ సంగతి తప్పక చెప్పండి.

17 దగ్గర జాగ్రత్త. 1948లో హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం అడుగుపెట్టింది సెప్టెంబరు 13న. నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది 17 సాయంత్రం. ఆయన సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లాంఛనంగా లొంగిపోయింది మర్నాడు, 18న. ఈ మూడు తేదీలూ కలిసిపోతుంటాయి. విమోచనమా, విలీనమా, సమైక్యతా అన్న వాదం ఎలాగూ ఉంది కనుక, బోర్డు మీద పేరు బదులు జరిగిన సంగతి రాయండి.

20న అక్కినేని నాగేశ్వరరావు, 1924.

21న గురజాడ, 1862. పుట్టిన ఊరు విజయనగరం అని చాలామంది రాసేస్తారు. ఆయన బతికింది, రాసింది అక్కడే కాబట్టి ఆ పొరపాటు. పుట్టింది మేనమామగారి ఊరు ఎస్.రాయవరంలో. అది మీ తుని నుంచి విశాఖ వెళ్లే దారిలో ఎలమంచిలికి ఇవతలే; పిల్లల్ని తీసుకెళ్లి చూపించవచ్చు. వర్ధంతి నవంబరు 30 (1915). ఆ తేదీని జయంతిగా వేయకండి.

ప్రశ్న: అక్కినేని శతజయంతి 2023లో జరిగిందిగా, మరి 1924 అంటారేం?

జవాబు: 2023 సెప్టెంబరు 20న మొదలైంది శతజయంతి సంవత్సరం. నూరేళ్లు నిండింది 2024 సెప్టెంబరు 20న. వేడుకలు మొదలైన ఏడాదిలోంచి నూరు తీసేస్తే పుట్టిన ఏడాది ఒకటి తగ్గిపోతుంది. 'ఎన్నో జయంతి' అన్నచోటా ఇదే తికమక: కొందరు పుట్టిన రోజునే ఒకటిగా లెక్కిస్తారు. 'పుట్టి ఇన్నేళ్లు' అని రాస్తే గొడవ ఉండదు.

ప్రశ్న: త్యాగరాజస్వామి ఆరాధన ఏటా తేదీ మారుతుందెందుకు?

జవాబు: ఆయన సిద్ధి పొందింది 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు. ఆరాధన తిథిని బట్టి జరుగుతుంది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కనుక తేదీ ఏటా సుమారు పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది: 2024లో జనవరి 30, 2025లో 18, 2026లో 7. అధిక మాసం వచ్చాక మళ్లీ ముందుకు పోతుంది. పుష్యమాసం ఉగాదికి ముందే వస్తుంది కాబట్టి, జనవరి తిథి కోసం కిందటి ఉగాదికి కొన్న పంచాంగమే తీయాలి.