జెకిల్ ఐలాండ్: వందమంది క్లబ్ నుంచి జనం దీవి దాకా

ప్రశ్న: అమెరికాలో జెకిల్ ఐలాండ్ అనే దీవి మీద కోటీశ్వరులకు మాత్రమే ప్రవేశం ఉన్న క్లబ్ ఉండేదని, అమెరికా సెంట్రల్ బ్యాంకు అక్కడే రహస్యంగా పుట్టిందని ఒక వీడియోలో చూశాను. ఇందులో నిజమెంత? ఆ క్లబ్ ఎలా మొదలైంది, ఎందుకు మూతపడింది?

జవాబు: క్లబ్ ఉన్న మాట పూర్తిగా నిజం. బ్యాంకు కథలో నిజమూ ఉంది, దాని మీద అల్లిన కట్టుకథలూ ఉన్నాయి. కానీ ఆ వీడియోలన్నీ 1910 దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి, అదే నాకు బాధ. ఆ దీవి కథ అంతకు చాలా ముందే మొదలైంది, అందులో కోటీశ్వరులు కాని మనుషులే ఎక్కువ.

జార్జియా రాష్ట్రం తీరంలో, బ్రన్స్‌విక్ ఊరికి ఎదురుగా ఉంటుంది ఈ దీవి. పొడవు సుమారు 11 కిలోమీటర్లు, ఒకవైపు అట్లాంటిక్ ఇసుక తీరం, మరోవైపు మైళ్ళకొద్దీ ఉప్పునీటి చిత్తడి నేల. ఫ్రెంచి విప్లవ కాలంలో స్వదేశం వదిలి వచ్చిన డుబిన్యోన్ కుటుంబం దీన్ని కొనుక్కుని, బానిసల చేత పత్తి పండించింది. అమెరికాలోకి బయటినుంచి బానిసలను తేవడాన్ని 1808 నుంచే చట్టం నిషేధించింది. అయినా 1858 నవంబరులో వాండరర్ అనే ఓడ 400 మందికి పైగా ఆఫ్రికన్లను ఈ దీవి మీద దించింది. చూడటానికి అది సొగసైన విహార నౌక. న్యూయార్క్ విహార నౌకల క్లబ్ జెండా ఎగరేసిన ఓడను గస్తీ నౌకలు అనుమానిస్తాయా? దారిలోనే పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. దిగినవాళ్ళను రోజుల్లోనే చుట్టుపక్కల రాష్ట్రాలకు అమ్మేశారు. సవానా కోర్టులో కేసులు నడిచాయి గానీ బానిసల రవాణా నేరం కింద ఎవరికీ శిక్ష పడలేదు.

అంతర్యుద్ధం తర్వాత పత్తి తోటలు పాడుబడ్డాయి. అప్పుడు ఆ కుటుంబంలోని జాన్ యూజీన్ డుబిన్యోన్, ఆయన బావ న్యూటన్ ఫిన్నీ కలిసి ఒక పథకం వేశారు. దీవిలో మిగతా వాటాలన్నీ కొనేసి మొత్తం ఒకే చేతిలోకి తేవడం, దాన్ని ఉత్తరాది ధనవంతులకు చలికాలపు వేట క్లబ్‌గా అమ్మడం. ఫిన్నీకి న్యూయార్క్ పెద్దమనుషులతో బాగా పరిచయాలుండేవి. 1886లో దీవి 1,25,000 డాలర్లకు క్లబ్ చేతికొచ్చింది, 1888 జనవరిలో క్లబ్‌హౌస్ తెరిచారు.

సభ్యులు వందమందికి మించకూడదని నియమం. ఆ జాబితాలో బ్యాంకర్ జె.పి.మోర్గాన్, విలియం రాక్‌ఫెల్లర్, విలియం కె. వాండర్‌బిల్ట్, షికాగో వ్యాపారి మార్షల్ ఫీల్డ్, పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఉన్నారు. జనవరిలో వచ్చి వసంతం మొదట్లో వెళ్ళిపోయేవాళ్ళు, మిగతా ఏడాదంతా దీవి పనివాళ్ళదే. వంతెన లేదు. రైల్లో బ్రన్స్‌విక్ దాకా వచ్చి క్లబ్ పడవ ఎక్కాలి, లేదా సొంత నౌకలో రావాలి. భోజనాలన్నీ క్లబ్‌హౌస్‌లోనే కాబట్టి కొన్ని ఇళ్ళలో వంటిల్లే కట్టలేదు. అదే 1917లో బాత్‌రూమ్ సామాన్ల కంపెనీ యజమాని రిచర్డ్ క్రేన్ కట్టించిన ఇంట్లో అయితే 17 బాత్‌రూములు! 1896లో కట్టిన సాన్ సూసీ అనే భవనంలో ఆరుగురు సభ్యులు తలా ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నారు, మోర్గాన్ అందులో ఒకడు. మనం ఇప్పుడు ఫ్లాట్ అంటున్న పద్ధతికి అమెరికాలో ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

ఇక 1910 సంగతి. 1907లో బ్యాంకులు కుప్పకూలినంత పనైంది, ఆపడానికి సెంట్రల్ బ్యాంకు అనేదే లేదు, మోర్గాన్ తన పలుకుబడితో డబ్బు పోగుచేసి గట్టెక్కించాల్సి వచ్చింది. ఒక ప్రైవేటు మనిషి మీద దేశం ఆధారపడటం ప్రమాదమని అందరికీ అర్థమైంది. బ్యాంకుల వ్యవస్థను సరిదిద్దడానికి వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు సెనేటర్ నెల్సన్ ఆల్డ్రిచ్. 1910 నవంబరులో ఆయన, ఆర్థిక శాఖ సహాయ కార్యదర్శి పియాట్ ఆండ్రూ, బ్యాంకర్లు పాల్ వార్‌బర్గ్, ఫ్రాంక్ వాండర్‌లిప్, హెన్రీ డేవిసన్ న్యూజెర్సీలో ఆల్డ్రిచ్ సొంత రైలు పెట్టె ఎక్కారు. ఎవరైనా అడిగితే బాతుల వేటకు వెళ్తున్నామని చెప్పాలి. ఎన్నడూ వేట ఎరగని వార్‌బర్గ్ చేతిలో అరువు తెచ్చుకున్న తుపాకీ. నౌకర్లకు తెలియకుండా ఇంటిపేర్లు పలకకూడదని కట్టడి. ఆల్డ్రిచ్ క్లబ్ సభ్యుడు కూడా కాదు. సీజన్ ఇంకా మొదలుకాలేదు కాబట్టి దీవి ఖాళీ, అదే వాళ్ళకు కావాల్సింది.

ఎందుకింత దాపరికం అంటే, వాల్‌స్ట్రీట్ బ్యాంకర్లు కూర్చుని రాసిన ప్రణాళిక అని తెలిస్తే అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో అది చచ్చినా పాసవ్వదు. ఆ భయం నిజమైనదే. కానీ వీడియోలు చెప్పని మాట ఒకటుంది. అక్కడ రాసిన ఆల్డ్రిచ్ ప్లాన్ ఎప్పుడూ చట్టం కాలేదు. 1912 ఎన్నికల్లో డెమోక్రాట్లు గెలిచారు, 1913 డిసెంబరు 23న అధ్యక్షుడు విల్సన్ సంతకం చేసిన, సెంట్రల్ బ్యాంకును నిజంగా ఏర్పరచిన ఫెడరల్ రిజర్వ్ చట్టం వేరే. ఆ చట్టంలోని సాంకేతిక అంశాలు చాలావరకు ఆల్డ్రిచ్ ప్లాన్‌లోంచే వచ్చాయి గానీ, పైన ప్రభుత్వం నియమించే బోర్డు ఉండాలన్నది బ్యాంకర్లు కోరుకున్నది కాదు. కాబట్టి రహస్య సమావేశం జరిగింది, దాని ప్రభావం పెద్దదే, అంతమాత్రాన బ్యాంకు అక్కడే పుట్టిందనడం సరికాదు. ఆ సమావేశం సంగతి 1935లో వాండర్‌లిప్ స్వయంగా పత్రికలో రాసేశాడు కూడా.

క్లబ్ మూతపడటానికి ఒక్క కారణం కాదు. 1929 తర్వాత మాంద్యంలో సభ్యత్వాలు తగ్గాయి, కొత్త తరానికి ఫ్లోరిడా మీద మోజు పెరిగింది, చివరికి రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 సీజనే ఆఖరిది. 1947లో జార్జియా రాష్ట్రం, గవర్నర్ థాంప్సన్ హయాంలో, 6,75,000 డాలర్లిచ్చి దీవిని స్వాధీనం చేసుకుంది, మామూలు జనం కోసం పార్కు చేస్తామంది.

ప్రశ్న: అంత పెద్ద క్లబ్ నడవాలంటే పనివాళ్ళు వందల్లో ఉండాలి కదా. వాళ్ళ గురించి ఎవరూ రాయరేం?

జవాబు: మీరు అడిగినందుకు సంతోషంగా ఉంది. వంటవాళ్ళు, చాకలివాళ్ళు, పడవ నడిపేవాళ్ళు, వేటలో తోడు వెళ్ళేవాళ్ళు, గోల్ఫ్ ఆటలో కర్రల సంచులు మోసేవాళ్ళు, వీళ్ళు లేకపోతే ఒక్క రోజు కూడా గడిచేది కాదు. నల్లజాతి పనివాళ్ళ కుటుంబాలు రెడ్ రో అనే చిన్న ఇళ్ళ వరుసలో ఉండేవి. కోటీశ్వరుల భవనాలు చాలా నిలబడే ఉన్నాయి, 1978లో ఆ ప్రాంతానికి జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు వచ్చింది. రెడ్ రో ఇళ్ళను మాత్రం ఎవరూ అలా కాపాడలేదు.

రాష్ట్రం కొన్న తర్వాత కూడా ‘జనం’ అంటే తెల్లవాళ్ళే. 1954లో వంతెన పడింది, కార్లలో కుటుంబాలు వచ్చేశాయి, అప్పుడూ నల్లజాతివాళ్ళకు ఆ బీచ్‌లలో చోటు లేదు. వాళ్ళు పట్టుబట్టి అడగ్గా దక్షిణపు కొసన సెయింట్ ఆండ్రూస్ బీచ్ కేటాయించారు. జార్జియా మొత్తంలో నల్లజాతి వాళ్ళకు తెరిచిన తొలి ప్రభుత్వ బీచ్ అదే. 1959లో అక్కడ డాల్ఫిన్ క్లబ్ అనే మోటల్ కూడా వచ్చింది. అది చాలదని, పన్నులు అందరం కడుతున్నప్పుడు దీవి అందరిదీ కావాలని పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ కోర్టుకెక్కింది, 1964లో ఆ గీత చెరిగిపోయింది. వాండరర్ ఓడ మనుషులను దించింది కూడా ఆ దక్షిణ కొస వైపే. వాళ్ళ స్మారకం ఇప్పుడు సెయింట్ ఆండ్రూస్ దగ్గరే ఉంది. ఎవరైనా జెకిల్ వెళ్తుంటే క్లబ్‌హౌస్ దగ్గర ఫొటోలు దిగి వెనక్కి రాకండి, అక్కడిదాకా తప్పక వెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. ఆ దీవికి మనలాంటివాళ్ళు వెళ్ళొచ్చా? ఇల్లు కొనుక్కోవచ్చా?

జవాబు: నిక్షేపంగా వెళ్ళొచ్చు. వంతెన దాటాక గేటు దగ్గర కారుకు పార్కింగ్ రుసుము కట్టాలి, అంతే. పాత క్లబ్‌హౌస్ ఇప్పుడు హోటల్, గది తీసుకుంటే ఎవరైనా ఉండొచ్చు. ఇళ్ళూ ఉన్నాయి, అమ్ముతారు కూడా, కాకపోతే కింద నేల మాత్రం మీ సొంతం కాదు. భూమి మొత్తం రాష్ట్రానిది, మీకు దక్కేది లీజు. కొత్తగా ఇష్టమొచ్చినట్టు కట్టడానికీ వీల్లేదు. దీవిలో 65 శాతం భూమిని ముట్టుకోకూడదని 1971లోనే చట్టం చేశారు. తర్వాత ఆ శాతం దేని మీద లెక్కించాలి, ఆటుపోట్లకు మునిగే చిత్తడి నేల కూడా భూమి కిందికే వస్తుందా అని పెద్ద గొడవ జరిగింది. దాంతో 2014లో శాతాల లెక్క పక్కన పెట్టి, కట్టడాలకు వాడే భూమి 1,675 ఎకరాలు దాటకూడదని నేరుగా చట్టంలోనే రాసేశారు. అబ్బాయిని లీజు గడువు ఎన్నేళ్ళు మిగిలిందో చూసుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడమనండి.