కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ జారుతోందా?

ప్లేట్లు కాదు అన్నా, మీ బైకులో నీరసించింది ఆ ప్లేట్లను నొక్కి పట్టే క్లచ్ స్ప్రింగులు. ఉలవపాడు నుంచి మామిడికాయల బుట్టలతో వస్తుంటే ఫ్లైఓవర్ మీద ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదన్నారు. పదిహేనేళ్ల బండికి ప్లేట్లు మార్చి పాత స్ప్రింగులే బిగిస్తే ఇలాగే ఉంటుంది.

1. ముందు కేబుల్ చూడండి. లివర్ చివర 10 నుంచి 20 మి.మీ. ఆట ఉండాలి. అది లేకపోతే క్లచ్ ఎప్పుడూ కాస్త నొక్కి పట్టుకున్నట్టే.

2. ఆయిల్ దించి, కిక్ రాడ్ తీసి, కుడి కవర్ విప్పండి.

3. పాత స్ప్రింగు పక్కన కొత్తది నిలబెట్టండి. పాతది పొట్టిగా కనిపిస్తే ఇక అనుమానం లేదు. ఒకటీ అరా బాగున్నా సెట్టు మొత్తం మార్చాలి. కింద వాషర్ వేసి టెన్షన్ పెంచుదామనే మెకానిక్ మాట వినొద్దు. లివర్ రాయిలా అవుతుంది.

4. అందరూ తప్పు చేసేది స్ప్రింగులను పట్టి ఉంచే బోల్టుల దగ్గరే. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకూడదు. ఎదురెదురు బోల్టులు, ఒక్కోటి అర చుట్టు చొప్పున, వంతులవారీగా తిప్పండి. విప్పేటప్పుడూ అంతే. బోల్టు దిగే హబ్ లోపలి మర అల్యూమినియంది. తొందరపడి నేనోసారి ఒకటి విరగ్గొట్టుకున్నా, స్ప్రింగుల సెట్టు కంటే ఆ హబ్‌కే ఎక్కువైంది. చివర్లో టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలో, మాన్యువల్ చూసి పెట్టండి.

5. కవర్‌కి కొత్త గాస్కెట్ వేయండి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, ఆయిల్‌లో తిరిగే బైకు క్లచ్‌కి సరిపోయే ఆయిల్ గుర్తు) అని ఉండాలి, కారు ఆయిల్ వద్దు.

కేబుల్ ఆట మళ్లీ సరిచేసి, బుట్టలతోనే ఆ ఫ్లైఓవర్ ఎక్కి చూడండి.