ట్రేలు గీయడానికా ఇంత చదువు?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది మెకానికల్ డిప్లొమా పూర్తి చేసింది. హైదరాబాద్ శివార్లలో మందుల కంపెనీలకు ప్లాస్టిక్ ట్రేలు తయారుచేసే ఒక చిన్న పరిశ్రమ వాళ్లు డిజైన్ ట్రైనీగా రమ్మన్నారు. సూదిమందు సీసాలు కదలకుండా పట్టి ఉంచే ట్రేలట. డిప్లొమా తర్వాత బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. "ట్రేలు గీయడానికా ఇంత చదువు" అంటున్నారు మావారు. అమ్మాయికి మాత్రం వెళ్లాలని ఉంది. ఆడపిల్ల, యంత్రాల దగ్గర పని అని నాకు బెంగ. ఏం చేయమంటారు? - ఒక తల్లి, తణుకు

జవాబు:

అమ్మా, మీది తణుకు అని చూడగానే నాకు కోడిగుడ్ల ట్రే గుర్తుకొచ్చింది. మీ వైపు కోళ్లఫారాలకు కొదవ లేదు కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడు కూడా ఒకటి ఉండే ఉంటుంది. మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోండి. వరుసకు ఐదు చొప్పున ఆరు వరుసలు, మొత్తం ముప్పై గుంటలు. పాత కాగితాల గుజ్జుతో చేసిన అట్ట. గుంటకూ గుంటకూ మధ్య మొనలు లేచి ఉన్నాయి చూడండి. ఒక గుడ్డు పక్క గుడ్డును తాకకుండా అడ్డుపడేవి అవే, పైన పేర్చిన ట్రేల బరువును గుడ్ల మీద పడకుండా మోసేవీ అవే. ఖాళీ ట్రేలను ఒకే వైపుగా పేరిస్తే ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి, వంద ట్రేలైనా మూలన ఒదిగిపోతాయి. గుడ్లు నింపాక పై ట్రేను పావు మలుపు తిప్పి పెడతారు. అప్పుడది లోపలికి దిగకుండా మొనల మీద నిలబడుతుంది, కింద గుడ్డుకు చోటు మిగులుతుంది. అదే అట్ట ఖాళీగా ఉన్నప్పుడు ఒకలా, నిండినప్పుడు ఇంకోలా నడుచుకోవాలని ఎవరో కూర్చుని ఆలోచించారు. మీవారి ప్రశ్నకు నా మొదటి జవాబు ఆ ట్రేనే.

ఇప్పుడు గుడ్డు స్థానంలో సూదిమందు సీసాను పెట్టి చూద్దాం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 2 మిల్లీలీటర్ల గాజు సీసా 16 మిల్లీమీటర్ల లావు, 35 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. లావులో 0.15 మిల్లీమీటర్ అటూ ఇటూ ఉండొచ్చు. అంటే ఒకే పెట్టెలోని రెండు సీసాల్లో ఒకటి 15.85, మరొకటి 16.15 ఉన్నా రెండూ సరైనవే. పైన లేబుల్ అంటిస్తే లావు ఇంకొంచెం పెరుగుతుంది. ఈ సీసాలన్నిటికీ మీ అమ్మాయి ఒకే కొలత గూడు గీయాలి. సన్నది అందులో గలగలలాడకూడదు, లావుది ఇరుక్కోకూడదు. ట్రేను తలకిందులు చేసి మెల్లగా ఊపినా ఒక్క సీసా కూడా జారకూడదు. అయినా ఆసుపత్రిలో నర్సు చేతి తొడుగులతోనే, ఒక్క చేత్తో సీసాను పైకి తీయగలగాలి. అందుకోసం గూటి అంచుల్లో రెండు వైపులా బియ్యపు గింజంత బుడిపెలు పెడతారు. సీసాను నొక్కితే ప్లాస్టిక్ కాస్త విచ్చుకుని టక్కుమని పట్టేస్తుంది. ఆ బుడిపె కొంచెం ఎక్కువైతే తీసేటప్పుడు ట్రే మొత్తం లేచొస్తుంది. తక్కువైతే లారీ కుదుపుకు సీసా బయటికొస్తుంది. వేలు దూరడానికి మధ్యలో ఒక పల్లం కూడా వదలాలి. కొత్తవాళ్లు తరచూ మరిచిపోయేది ఈ పల్లమే.

గీసినంత మాత్రాన ట్రే అయిపోదు. ప్లాస్టిక్ షీటును వేడిచేసి మెత్తబడ్డాక అచ్చు మీదికి తెచ్చి, కింద నుంచి గాలి లాగేస్తే అది అచ్చుకు అతుక్కుపోతుంది. ముందుగా తాకిన చోట షీటు చల్లబడి సాగడం మానేస్తుంది. చివరగా తాకే చోట ఎక్కువ సాగి పలచబడుతుంది. గుంట అడుగు మూలలు అలాంటివే. కంప్యూటర్ తెర మీద ప్లాస్టిక్ అన్నిచోట్లా ఒకే మందంగా కనిపిస్తుంది కానీ, చేతిలోకి వచ్చిన ట్రే మూల వేలితో నొక్కితే కాగితంలా లోపలికి పోతుంది. అందుకే అడుగు మూలలను పదునుగా కాకుండా గుండ్రంగా తీర్చాలి. ఇంకొకటి, చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది. పీవీసీ సుమారు అర శాతం లోపే, పాలీప్రొపిలీన్ ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా. 200 మిల్లీమీటర్ల ట్రే మీద మొదటిదానికి తేడా మిల్లీమీటర్ కూడా రాదు, రెండోదానికి మూడు నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది. పీవీసీ కోసం చేసిన అచ్చు మీద, ధర కలిసొస్తుందని పాలీప్రొపిలీన్ షీటు వేస్తే గూళ్ల వరుస మొత్తం జరిగిపోతుంది, సీసాలు నింపే యంత్రం గూడు తప్పి గట్టుకు కొడుతుంది. మెకానికల్ చదువు అక్కరకొచ్చేది ఇక్కడే.

కొన్నేళ్ల కిందట విద్యార్థులను వెంటబెట్టుకుని ఒక మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ హాలుకు వెళ్లాను. ట్రేలు నింపే బల్ల దగ్గర ఒకావిడ బొటనవేలికి బట్టపట్టీ చుట్టుకుని ఉంది. గాయమేమిటని అడిగాను. ఖాళీ ట్రేలు ఒకదానిలో ఒకటి బిగుసుకుపోయి వస్తున్నాయి, రోజంతా గోటితో విడదీయాల్సి వస్తోంది అని చెప్పింది. ఒక ట్రే తీసుకుని చూశాను. గోడలు దాదాపు నిటారుగా ఉన్నాయి. రెండు ట్రేల మధ్య ఎడం ఉంచాల్సిన మెట్లు మరీ చిన్నవి కావడంతో పై ట్రే వాటిని దాటి కిందికి దిగిపోతోంది. గోడలకు ఇంకాస్త ఏటవాలు, మెట్టుకు ఇంకాస్త ఎత్తు ఇచ్చి ఉంటే ఆ వేలు బాగుండేది. ఆ ట్రే గీసిన వ్యక్తి ఆ బల్ల దగ్గరకు ఒక్కసారైనా వచ్చి ఉండడు. వచ్చి ఉంటే ఆ తప్పు మొదటి వారంలోనే కంటబడేది. ఆ రోజు నుంచి ఈ పని గురించి అడిగిన ప్రతి విద్యార్థికీ నేను ముందుగా చెప్పేది ఆవిడ వేలి గురించే.

అందుకే నా సలహా ఇది: అమ్మాయిని పంపండి. అయితే ఒక షరతు. ఆ కంపెనీ ఆమెను అచ్చు దగ్గరికీ, యంత్రం దగ్గరికీ, కొనుగోలుదారు ప్యాకింగ్ బల్ల దగ్గరికీ వెళ్లనివ్వాలి. ఏసీ గదిలో కూర్చోబెట్టి పాత డ్రాయింగులలో కొలతలు మార్చమనే చోటైతే వద్దు. అలాంటి చోట రెండేళ్లున్నా సాఫ్ట్‌వేర్ మీటలు నొక్కడం తప్ప ఏమీ రాదు. చేరేముందు ఆమెనే సూటిగా అడగమనండి: మొదటి నమూనా ట్రే వచ్చినప్పుడు దాన్ని కొలిచేది ఎవరు? నింపిన పెట్టెను ఎత్తు నుంచి పడేసి, కుదిపి పరీక్షించేటప్పుడు డిజైన్ చేసినవారు అక్కడ ఉంటారా? కొనుగోలుదారు తిప్పి పంపిన ట్రేలను చూపించగలరా? చిన్న పరిశ్రమ అని మీరు జంకనక్కర్లేదు. పెద్ద కంపెనీలో ఒకరు గీస్తారు, ఇంకొకరు అచ్చు చేయిస్తారు, మరొకరు పరీక్షిస్తారు. చిన్న చోట ఒక్కరే ఈ మూడూ చూడాల్సి వస్తుంది, నేర్చుకునే వయసులో అది వరం.

జీతం సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన తోటివారి కంటే వెనకబడే ఉంటుంది. మూడో ఏడాదికి చేతిలో పది పన్నెండు ట్రేలు సొంతంగా గీసి, అచ్చు చేయించి, పరీక్షలో నెగ్గించిన అనుభవం ఉంటే అప్పుడు పరిస్థితి వేరు. భారత్ బయోటెక్, బయొలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ వంటి టీకా సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. చుట్టూ సూదిమందులు తయారుచేసే ఫ్యాక్టరీలకు లెక్కే లేదు. ఇలాంటి సంస్థలకు ప్యాకేజింగ్ అభివృద్ధి కోసం ప్రత్యేకంగా మనుషులు కావాలి. సీసాను మోసే ట్రే, ట్రేను మోసే కార్టన్, కార్టన్లను మోసే పెద్ద పెట్టె అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక్క లెక్క చూడండి. వరుసకు ఐదు సీసాలు, సీసాకు 20 మిల్లీమీటర్ల చోటు ఇస్తే ట్రే 100 మిల్లీమీటర్లు. 460 మిల్లీమీటర్ల పెట్టెలో అలాంటివి నాలుగే పడతాయి. అదే 18 మిల్లీమీటర్లకు తగ్గించగలిగితే ట్రే 90 అవుతుంది, ఐదు పడతాయి. గూటికి రెండు మిల్లీమీటర్లు తగ్గించినందుకు పెట్టెకు ఒక ట్రే ఎక్కువ. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచాలి, ఆ చల్లని చోటు చాలా ఖరీదైనది. ఒక్కో డోసు ఎన్ని ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చూస్తుంది. ఆ రెండు మిల్లీమీటర్లను సీసా పగలకుండా తగ్గించగల మనిషికి విలువ ఎందుకు ఉండదు?

ఇక ఈసెట్. ఉద్యోగానికి పంపమన్న నా సలహాకు మినహాయింపు ఇక్కడే. ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలో సీటు వచ్చే ర్యాంకైతే ఏమాత్రం ఆలోచించకుండా బీటెక్‌లో చేర్చండి. రెండో ఏడాదిలోకే నేరుగా వెళుతుంది, సెలవుల్లో ఇదే పరిశ్రమలో శిక్షణకు వెళ్లొచ్చు. అప్పుచేసి ఏదో ఒక కళాశాలలో చేర్చాల్సిన ర్యాంకైతే ఉద్యోగమే మేలు. ఈసెట్ వచ్చే ఏడాది కూడా రాసుకోవచ్చు.

ఉద్యోగం చేస్తూ ముందుకు చదవాలంటే దారులున్నాయి. ప్లాస్టిక్ అచ్చుల డిజైన్‌లో లోతుగా వెళ్లాలనుకుంటే ప్లాస్టిక్ రంగంలో శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్‌లో డిప్లొమా వారి కోసం పోస్ట్ డిప్లొమా ఉంది. సిపెట్‌కు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కేంద్రాలున్నాయి. ఆ కోర్సు ఏ కేంద్రంలో నడుస్తోందో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. అచ్చు తయారీ అసలు ఎలా జరుగుతుందో చేత్తో నేర్చుకోవాలంటే బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను మించిన చోటు మన దగ్గర లేదని నా అభిప్రాయం. డిగ్రీ పూర్తయ్యాక అయితే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ ఉంది. కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ కింద 1966లో ఏర్పడిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా, హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. అక్కడి రెండేళ్ల పీజీ డిప్లొమాకు ఈ రంగంలో మంచి పేరుంది. సంస్థ కంటే ముందు అమ్మాయికి సాలిడ్‌వర్క్స్ వంటి త్రీడీ సాఫ్ట్‌వేర్ ఒకటి బాగా చేతికి రావాలి. రెండు మూడు పైపైన నేర్చుకోవడం కంటే ఒక్కదానిలో ఆరితేరడం మంచిది.

ప్లాస్టిక్‌ను తగ్గించమంటున్న ఈ రోజుల్లో ఈ రంగం ఎన్నాళ్లుంటుందని మీవారు రేపు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను మార్కెట్లోకి తెచ్చినవారే దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత మోయాలని నిబంధనలు వచ్చాయి. పీవీసీని వదిలి, తేలిగ్గా కరిగించి తిరిగి వాడుకోగల పెట్ షీటుకూ, కాగితపు గుజ్జు ట్రేలకూ, మడతపెట్టిన అట్ట ట్రేలకూ చాలామంది మారుతున్నారు. పదార్థం మారినా సీసా మారదు, దాన్ని కదలకుండా పట్టుకోవాల్సిన అవసరమూ మారదు. పదార్థం మారిన ప్రతిసారీ ట్రేను మొదటి నుంచి మళ్లీ గీయాలి. గుజ్జుకు బుడిపెలు నిలవవు, అట్టకు గుండ్రని గూడు రాదు. ఈ మార్పులన్నీ డిజైనర్‌కు పని పెంచేవే. మీ ఇంట్లో ఉన్న గుడ్ల ట్రే నుంచి ప్లాస్టిక్ ట్రేలు గీసేవాళ్లు మళ్లీ పాఠాలు నేర్చుకునే రోజులివి.

చేరడానికి ఇంకా సమయం ఉంటే అమ్మాయి చేత ఒక పని చేయించండి. హోమియో మాత్రల చిన్న సీసాలు పది తెప్పించండి, సన్నని కొలతలు తీసే వెర్నియర్ పరికరం ఒకటి కొనివ్వండి. పది సీసాలనూ మూడేసి చోట్ల కొలిచి పుస్తకంలో రాయాలి. పదీ ఒకే కొలత ఉండవని అప్పుడు ఆమెకే తెలుస్తుంది. తర్వాత పాత అట్టపెట్టె కోసి, ఆ పదింటినీ పట్టి ఉంచే ట్రే చేయాలి. దాన్ని ఒక పెట్టెలో పెట్టి నడుము ఎత్తు నుంచి ఒకసారి అడుగు మీద, ఒకసారి మూల మీద, ఒకసారి అంచు మీద పడేయాలి. ఏ సీసా ఎక్కడికి జరిగిందో ఫోనుతో ఫొటోలు తీసి, ట్రేను మార్చి మళ్లీ పడేయాలి. నాలుగైదు మార్పులయ్యాక ఆ పుస్తకం, ఆ ఫొటోలు ఇంటర్వ్యూకు తీసుకెళ్లమనండి. మార్కుల జాబితా కంటే దాని మీదే ఎక్కువసేపు మాట్లాడతారు. గాజు సీసాలైతే గుడ్డ పరిచి పడేయమని చెప్పడం మరవకండి.

యంత్రాల గురించి మీ బెంగ నాకు అర్థమైంది. ఈ ట్రేలు చేసే యంత్రం దగ్గర జాగ్రత్త పడాల్సినవి రెండు: షీటును వేడిచేసే హీటరు, ట్రేలను కత్తిరించే ప్రెస్సు. మంచి ప్రెస్సుకు రెండు బటన్లు దూరదూరంగా ఉంటాయి, రెండు చేతులతో రెండింటినీ నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉంటే కత్తి కింద ఉండవు కదా. కొన్నిచోట్ల పని తొందరగా అవుతుందని ఒక బటన్‌ను టేపుతో అతికించేస్తారు. మీరు అమ్మాయిని దింపడానికి వెళతారు కాబట్టి, పని జరిగే షెడ్డు చూపించమని అడగండి. ఆ ప్రెస్సు దగ్గర ఒక నిమిషం నిలబడి బటన్లు చూడండి. టేపు కనిపిస్తే అమ్మాయిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చేయండి. లేకపోతే హాస్టల్ సంగతి, రాత్రి షిఫ్టుల సంగతి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వబోమన్న సంగతి అక్కడే మాట్లాడి, రాతలో తీసుకుని, అమ్మాయిని చేర్చి రండి.